ప్రింటెడ్ సోలార్ ఫిల్మ్ డైరీ: పూత, ఆరడం, ట్యూబ్‌లైటు పరీక్ష

మే చివర

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ప్లాస్టిక్ ఫిల్మ్ మీద పాలిమర్ ఇంక్ పూసి, ఆరబెట్టి, పైన వెండి గీతలు అచ్చువేసి సోలార్ సెల్స్ చేస్తున్నాం. హైదరాబాద్‌లో చిన్న ల్యాబ్, నలుగురం. టార్గెట్ కూడా చిన్నదే: అరచేయంత మాడ్యూల్ ఒకటి, గదిలో ఉండే వెలుతురుతోనే టెంపరేచర్ సెన్సర్‌ని నడపాలి, బ్యాటరీలు మార్చే పని లేకుండా. మేడ మీద పెట్టే ప్యానెళ్ళతో పోటీ పడే ఆలోచన అసలు లేదు. సిలికాన్ ప్యానెల్ ఇవాళ 20 శాతం దాటి కరెంటు ఇస్తోంది, పాతికేళ్ళు నిలుస్తుంది, ధర కూడా బాగా దిగింది. ఎండలో దానితో తలపడితే ఓడేది మనమే. గదిలో లెక్క వేరు. అక్కడ బరువు లేకపోవడం, వంగే గుణం, ఎల్ఈడీ వెలుతురుని బాగా పీల్చుకునే రంగు, ఇవన్నీ పాలిమర్‌కి కలిసొస్తాయి. స్వీడన్‌లో ఎపిషైన్ అనే కంపెనీ ఇదే దారిలో ఇండోర్ సెల్స్ ప్రింట్ చేస్తోంది.

పేపర్లలో కనిపించే శాతాల గురించి కూడా ఒక మాట. 1986లో కొడాక్‌లో చింగ్ టాంగ్ రెండు పొరల ఆర్గానిక్ సెల్ చూపించినప్పుడు ఎఫిషియెన్సీ ఒక శాతం దగ్గర. 1992లో శాంటా బార్బరాలో హీగర్, సరిచిఫ్చి బృందం వెలుతురు పడగానే పాలిమర్ నుంచి ఫుల్లరీన్ అనే కార్బన్ బంతి అణువుకి ఎలక్ట్రాన్ ఎంత వేగంగా దూకుతుందో చూపించింది. 1995కల్లా ఆ రెండింటినీ ఒకే ఇంక్‌లో కలిపి సెల్ చేశారు. 2019లో చైనాలో జౌ యింగ్‌పింగ్ బృందం వై6 అనే అణువుతో 15.7 శాతం సాధించింది, ఇప్పుడు రికార్డులు 20 శాతం చుట్టుపక్కల ఉన్నాయి. గొప్ప పని, అందులో అనుమానం లేదు. అయితే వాటిలో ఎక్కువ భాగం గాజు మీద, నైట్రోజన్ నింపిన గ్లవ్‌బాక్స్‌లో, స్పిన్ కోటింగ్‌తో, గోరంత కూడా లేని సెల్ మీద వచ్చినవి. చుక్క వేసి గిర్రున తిప్పితే ఇంక్‌లో అధిక భాగం పక్కకి చిమ్మేసి మిగిలింది చక్కటి పొర అవుతుంది. అదే పొరని మీటర్ల కొద్దీ ప్లాస్టిక్ మీద, మామూలు గాలిలో వేయడం వేరే విద్య. అమెరికాలో కొనార్కా ఆ విద్య కోసమే 2001లో మొదలైంది, న్యూ బెడ్‌ఫర్డ్‌లో పాత పోలరాయిడ్ ఫ్యాక్టరీ తీసుకుని రోల్ ప్రింటింగ్ పెట్టింది, 2012లో దివాలా తీసింది. డెన్మార్క్‌లోని రిసోలో ఫ్రెడరిక్ క్రెబ్స్ బృందం మాత్రం ఏ పొర ఏ వేగంతో, ఏ వేడి మీద వేసిందో విడమరిచి రాసి అందరి ముందూ పెట్టింది. మాకు ఎక్కువ పనికొచ్చింది ఆ రాతలే.

ఇంక్ విషయంలో తేల్చుకున్నది: పీ3హెచ్‌టీ పాలిమర్, దానికి జోడీగా, ఎలక్ట్రాన్లని అందుకునే ఓ-ఐడీటీబీఆర్ అనే అణువు. ఈ జంటతో 2016లో లండన్ ఇంపీరియల్ కాలేజీవాళ్ళు 6.4 శాతం చూపించారు. రికార్డుల పక్కన పెడితే చిన్న అంకె. కానీ పీ3హెచ్‌టీ కిలోల లెక్కన తయారు చేయగలిగిన పాలిమర్, గాలికి త్వరగా చెడదు, పొర కాస్త మందమైనా ఓర్చుకుంటుంది. ఫ్యాక్టరీలో పని జరగాలంటే ఈ ఓర్పే కావాలి. బ్యాచ్ మారినప్పుడల్లా తీరు మార్చుకునే ఖరీదైన పాలిమర్‌తో మొదలుపెడితే, తేడా ఇంక్‌దా మిషన్‌దా అని తేల్చుకోవడానికే పుణ్యకాలం గడిచిపోతుంది.

వీటిని కరిగించే సాల్వెంట్ ఆర్థో జైలీన్. క్లోరోఫాం వద్దనుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, పక్కన నిలబడి పనిచేసేవాళ్ళ ఊపిరి. రెండోది మన వానాకాలం. క్లోరోఫాం 61 డిగ్రీలకే మరిగే రకం, గబగబా ఆవిరైపోతూ ఫిల్మ్ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ సన్నటి చుక్కలుగా దాని మీద దిగి పొర తెల్లబారి చిల్లులు పడుతుంది. జైలీన్‌కి 144 డిగ్రీలు కావాలి, అది తొందరపడదు. ఆ తొందరపడకపోవడం వల్ల వచ్చిన చిక్కు కింద చెప్తాను.

జూన్, మొదటి రోజులు

డై వచ్చింది. స్లాట్ డై అంటే రెండు స్టీలు దిమ్మలు, మధ్యలో 50 మైక్రాన్ల షిమ్, అంటే సన్నటి రేకు. షిమ్‌లో ఎంత వెడల్పు గాడి కోస్తే పూత అంత వెడల్పు. సిరంజి పంపు నెట్టిన ఇంక్ ఆ సందులోంచి దిగి డై పెదవికీ ఫిల్మ్‌కీ మధ్య పట్టుకుని నిలబడుతుంది, ఒకటి కదులుతుంటే పల్చటి పొరగా సాగుతుంది. మెల్‌బోర్న్‌లో సీఎస్ఐఆర్ఓ అనే ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్ళు మామూలు 3డీ ప్రింటర్‌నే స్లాట్ డై కోటర్‌గా మార్చి 2015లో చూపించారు. మేమూ అదే బాట పట్టాం. ప్రింటర్ తలకాయలోని నాజిల్ పీకేసి డై బిగించాం. వేడెక్కే బెడ్ ఎలాగూ ఉంది, కదలికని కంప్యూటర్ చూసుకుంటుంది.

పెదవుల గ్రైండింగ్ బాలానగర్‌లో చేయించాం. మామూలు వర్క్‌షాపులు డ్రాయింగ్ చూసి వెనక్కి ఇచ్చేశాయి, చివరికి డీజిల్ పంపు పని చేసే ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. "మైక్రాన్లంటే మాకు కొత్త కాదు సార్, గానీ అంచు మీద చెయ్యి పెట్టకుర్రి, గీత పడ్తది" అన్నాడు, ఆ మాట రాసి కోటర్ పక్కన అంటించుకున్నాం. డై బిగించాక సందుకి వెనక టార్చి పెట్టి చూస్తే వెలుగు గీత ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే మందాన కనిపించాలి. మధ్యలో సన్నబడితే షిమ్ సరిగ్గా కూర్చోలేదన్నమాట. బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలవారీగా బిగించాలి, ఒకేసారి బిగిస్తే దిమ్మ వంగుతుంది.

ఇక లెక్క. దీంట్లో కష్టమేం లేదు, స్లాట్ డై గొప్పతనమే ఇది: ఎంత పంపితే అంత పడుతుంది. మా పట్టీ వెడల్పు 2 సెం.మీ., తల వేగం నిమిషానికి 60 సెం.మీ., అంటే నిమిషానికి 120 చదరపు సెం.మీ. పూత. పంపు నిమిషానికి 0.12 మి.లీ. ఇస్తే తడి పొర 10 మైక్రాన్లు. ఇంక్‌లో మి.లీ.కి 24 మిల్లీగ్రాముల పదార్థం, ఆరిన పొర సాంద్రత సుమారు 1.2 అనుకుంటే ఆరాక మిగిలేది 200 నానోమీటర్లు. ఇదే లెక్కతో చదరపు మీటరుకి పట్టే పదార్థం పావు గ్రాము లోపే. ఇంత కొంచెం సరుకుతో ఒక చదరపు మీటరు కరెంటు చేస్తుందన్న మాట నన్ను ఈ పనిలోకి లాగింది, ఇప్పటికీ అదే నిలబెడుతోంది.

జూన్ మధ్యలో

పూత పడుతోంది కానీ అంచులు మందం, మధ్య పల్చన. కంటికే తెలుస్తోంది, పట్టీకి రెండు వైపులా ముదురు ఊదా రంగు గీత. కాఫీ చుక్క ఆరితే చుట్టూ మరక పడుతుందే, అదే భౌతికశాస్త్రం: అంచు కదలకుండా అతుక్కుపోతుంది, అక్కడ ఆవిరి ఎక్కువగా పోతుంది, ఆ లోటు పూడ్చడానికి మధ్యలోంచి ద్రవం అంచుకి పారుతూ పదార్థాన్ని కూడా లాక్కెళ్తుంది. జైలీన్ నింపాదిగా ఆరుతుంది కాబట్టి ఈ పారుదలకి బోలెడంత టైం దొరుకుతోంది.

అంచులు అందంగా లేవన్నది చిన్న సంగతి. లోపల జరిగేది అంతకన్నా ముఖ్యం. వెలుతురు పడితే పాలిమర్‌లో పుట్టే ఎక్సైటాన్ (ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ కలిసి ఉండే జంట) సుమారు 10 నానోమీటర్లు మాత్రమే ప్రయాణించి చచ్చిపోతుంది, ఆ లోపు దానికి రెండో పదార్థం సరిహద్దు తగలాలి. అంటే రెండు పదార్థాలూ 10, 20 నానోమీటర్ల ముద్దలుగా ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉండాలి. మరీ తొందరగా ఆరితే అల్లిక సరిగ్గా ఏర్పడదు, పాలిమర్ గొలుసులు వరుస కట్టవు. మరీ నెమ్మదిగా ఆరితే ముద్దలు పెద్దవైపోతాయి. తడి పొర ఆరిన పొరగా మారే ఆ కొద్ది సెకన్లలోనే సెల్ తలరాత ఖాయమైపోతుంది. ఇంక్ కొనడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా ఆరబెట్టడం మీద పెట్టాలని నాకు గట్టి నమ్మకం.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవాళ్ళని చూస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డని ఒక్క ఊపులో లాగుతారు, గుడ్డ దాటిన చోటల్లా రేకు అప్పటికప్పుడు ఆరిపోతుంది. కుండ వేడి, పిండి జారుడు, చెయ్యి వేగం మూడూ కుదిరితేనే అంత పల్చటి రేకు చిరగకుండా వస్తుంది. మా దగ్గర కుండ బదులు బెడ్. దాన్ని 60 డిగ్రీల దగ్గర పెట్టి, డై వెనకాలే సన్నటి గాలి కత్తి బిగించాం: 3డీ ప్రింట్ చేసిన గొట్టం, దానికి పొడుగునా సన్నటి చీలిక, వడగట్టిన పొడి గాలి. గాలి పట్టీ మొత్తం వెడల్పున ఒకేలా తగలడమే ఇందులో కీలకం. డైకి మరీ దగ్గరగా పెడితే ఇంక్ బొట్టే వణికి పూతలో అడ్డగీతలు పడుతున్నాయి, కాబట్టి కొన్ని సెంటీమీటర్లు వెనక్కి జరిపాం. ఊదా గీత చాలావరకు పోయింది. మొదలు, చివర్లలో పూత ఇంకా మందంగానే ఉంటుంది, దాన్ని కోసి పారేస్తున్నాం. రోల్ మీద ఆపకుండా నడిపితే ఆ మొదలూ చివరా ఒక్కోసారే వస్తాయి కనుక దాని గురించి టెన్షన్ పడటం లేదు.

జూన్ ఆఖరు

రెండు సంగతులు, త్వరగా.

ఇంక్ గట్టిపడుతోంది. రాత్రి ఏసీ గదిలో వదిలేసిన సీసా పొద్దున్నకి చిక్కబడి, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి దిగనంటోంది. పీ3హెచ్‌టీకి జైలీన్‌లో ఈ గుణం ఉంది, చల్లబడితే గొలుసులు ఒకదానిపై ఒకటి చేరి సన్నటి పోగులవుతాయి, పోగులు కలిసి జెల్ అవుతుంది. పోగులు కొన్ని ఉంటే సెల్‌కి మేలే, అవి అప్పటికే వరుస కట్టిన పాలిమర్ కదా. కానీ 50 మైక్రాన్ల సందులో అవి అడ్డం పడితే పూతలో పొడుగునా ఖాళీ చార వస్తుంది. ఇప్పుడు ఇంక్‌ని వేడి చేసి కలిపి, వేడిగానే వడగట్టి, సిరంజికి చుట్టూ హీటర్ పట్టీ చుట్టి, అదే రోజు వాడేస్తున్నాం. మర్నాటికి దాచడం లేదు.

రెండోది పెడాట్, కరెంటు పారే పాలిమర్. యాక్టివ్ పొర (వెలుతురు పీల్చే పీ3హెచ్‌టీ పొర) మీద వేసే పెడాట్-పీఎస్ఎస్ నీళ్ళ ఇంక్, కింద ఉన్నదేమో నీళ్ళంటే పడని పొర, తామరాకు మీద నీళ్ళే. ఐసోప్రొపనాల్ కలిపి పల్చన చేసి, కొద్దిగా సర్ఫాక్టెంట్ (సబ్బులాంటిది) వేస్తే పరుచుకుంటోంది. ఇది అందరూ చేసేదే, కొత్తేం లేదు. ఆరబెట్టడం మాత్రం జాగ్రత్త: పెట్ ఫిల్మ్, అంటే మా ప్లాస్టిక్, 140 డిగ్రీలు దాటితే ముడుచుకుపోతుంది, దాని మీదున్న ఐటీవో పొర (వెలుతురుని దాటనిస్తూ కరెంటు పారించేది) పగుళ్ళు తీస్తుంది. ముందే ఒకసారి వేడి చేసి ముడుచుకోవలసినంతా ముడుచుకోనిచ్చిన ఫిల్మ్ వాడితే ఆ తర్వాతి పొరలు గీత తప్పకుండా పడుతున్నాయి.

జూలై

అన్ని పొరలూ పడ్డాయి. పెట్, ఐటీవో, ఎలక్ట్రాన్లని దాటించే జింక్ ఆక్సైడ్, యాక్టివ్ పొర, పెడాట్, వెండి. కొలత మొదలైంది, విచిత్రాలూ మొదలయ్యాయి.

మా ల్యాబ్ దీపం ఎల్ఈడీది. దాని కింద కరెంటు-వోల్టేజ్ గీత ఎస్ అక్షరంలా వంకర తిరిగి వస్తోంది, కరెంటు బయటికి రావడానికి ఏదో గోడ అడ్డుగా ఉన్నట్టు. అదే ముక్కని మా జూనియర్ అమ్మాయి మధ్యాహ్నం మేడ మీదకి తీసుకెళ్ళి ఎండలో పెట్టి మీటరు చూస్తే, పెట్టిన కాసేపటికి వంపు సర్దుకుంటూ మామూలు గీతైపోయింది. కిందికొచ్చి ఎల్ఈడీ కింద పెట్టినా బాగానే ఉంది. "సార్, దీనికి ఎండ తగలాలి అంతే" అని తేల్చేసింది, సరిగ్గా చెప్పింది. జింక్ ఆక్సైడ్ కణాల మీద గాలిలోని ఆక్సిజన్ అతుక్కుని ఎలక్ట్రాన్లని పట్టేసుకుంటుంది, అతినీలలోహిత కాంతి తగిలితే ఆ ఆక్సిజన్ ఊడిపోయి దారి తెరుచుకుంటుంది. తెల్ల ఎల్ఈడీలో ఆ కాంతి దాదాపు ఉండదు.

దీన్ని చిన్న విషయమని వదిలేయడానికి లేదు. మేము చేసేదే గదిలో, ఎల్ఈడీ కింద పెట్టే సెల్. పైగా ఆఖర్లో వేసే రక్షణ ఫిల్మ్ కూడా అతినీలలోహితాన్ని ఆపేసే రకమే ఉండాలి, ఎందుకంటే అదే కాంతి తగిలితే జింక్ ఆక్సైడ్ తన పక్కనున్న ఆర్గానిక్ అణువులని కొరుక్కు తింటుంది. అంటే ఇది ఆన్ కావడానికి ఏ కాంతి కావాలో దాని ప్రాణం తీసేదీ ఆ కాంతే. అందుకే టిన్ ఆక్సైడ్‌కి మారుతున్నాం. నీళ్ళలో కలిసి దొరికే నానో కణాల ద్రవం, తక్కువ వేడికే ఆరుతుంది, ఎండ చూపించాల్సిన పని చాలా తగ్గుతుంది.

జూలై, వానలు పట్టుకున్నాక

ఈ నెల అసలు సంగతి ఇది. ఇకమీద మా నిర్ణయాలన్నీ దీని మీదే.

5 మి.మీ. వెడల్పు టెస్టు ముక్కలు ఎండలో బాగా వస్తున్నాయి, ఒకదానికొకటి దగ్గర దగ్గరగా. అవే ముక్కలు ట్యూబ్‌లైటు కింద పెడితే కొన్ని పనిచేస్తున్నాయి, కొన్ని పూర్తిగా చచ్చిపోతున్నాయి, వోల్టేజే లేవడం లేదు. ఒకే పట్టీలోంచి పక్కపక్కన కోసిన ముక్కలు.

లెక్క వేస్తే ఆశ్చర్యమేం లేదు. మధ్యాహ్నం ఎండలో ఈ రకం సెల్ చదరపు సెం.మీ.కి సుమారు 10 మిల్లీయాంపులు ఇస్తుంది. 500 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) గదిలో 50 మైక్రోయాంపులు వస్తే గొప్ప, రెండు వందల రెట్లు తక్కువ. ఇప్పుడు సెల్ లోపల ఎక్కడో చిన్న లీకు ఉందనుకోండి, చదరపు సెం.మీ.కి 5 కిలో ఓమ్‌ల షంట్, అంటే కరెంటుకి అడ్డదారి. అర వోల్టు దగ్గర దానిలోంచి 100 మైక్రోయాంపులు కారిపోతాయి. ఎండలో అది ఒక్క శాతం, కొలతలో కనపడదు కూడా. గదిలో పుట్టిన కరెంటుకి రెండింతలు! ఎండ మన పూతలోని లోపాలన్నిటినీ కప్పిపెట్టేస్తోంది, ట్యూబ్‌లైటు ఒక్కొక్కదాన్నీ బయటికి లాగుతోంది.

రెండో వైపు లాభం కూడా ఉంది. పెట్ మీద ఐటీవో అంత మంచి తీగ ఏం కాదు, చదరానికి 60 ఓమ్‌లు ఉంటుంది, గాజు మీదైతే 10, 15. ఎండలో ఒక సెం.మీ. వెడల్పు పట్టీ చేస్తే ఆ నిరోధమే పవర్‌లో మూడో వంతుకి పైగా మింగేస్తుంది, నష్టం వెడల్పు వర్గంతో పెరుగుతుంది కనుకే ఎండ కోసం చేసేవాళ్ళు పట్టీలని సన్నగా కోసి మధ్యలో బోలెడు జాగా వదులుకుంటారు. గదిలో కరెంటే తక్కువ కాబట్టి 2 సెం.మీ. పట్టీలో కూడా నష్టం ఒక శాతం లోపే. వెడల్పు పట్టీలు, తక్కువ గీతలు, తక్కువ వెండి. ఇండోర్ సెల్‌కి ఐటీవోతో బెంగ లేదు, లీకుతోనే మొత్తం యుద్ధం. కాబట్టి ఇకనుంచి ఏ మార్పు చేసినా ముందు 200 లక్స్ కింద చూస్తాం, ఆ తర్వాతే ఎండ. ప్రింటెడ్ సెల్స్ మీద పనిచేసేవాళ్ళందరికీ, ఎండ కోసం చేస్తున్నా సరే, నేను చెప్పేది ఇదే: మసక వెలుతురులో కొలవండి. దీపం, లక్స్ మీటరు, మంచి మైక్రోయాంపు మీటరు ఉంటే చాలు, వేరే ఖర్చు లేదు. పూత నాణ్యత ఇంత స్పష్టంగా చెప్పే పరీక్ష ఇంత చవగ్గా నాకు ఇంకోటి దొరకలేదు.

జూలై చివర

లీకు ఎక్కడుందో పట్టుకోవడం. పొర 200 నానోమీటర్లు, గాలిలో తిరిగే మామూలు దుమ్ము రేణువు 10 మైక్రాన్లు, అంటే పొరకి యాభై రెట్లు. అలాంటిది ఒక్కటి పూతలో పడితే దాని చుట్టూ పొర తెగుతుంది, పైన వేసిన పెడాట్ తిన్నగా కింది పొరని తాకేస్తుంది. దుమ్మని అందరికీ తెలుసు, ఏ దుమ్ము, ఎక్కడి నుంచి అన్నదే తెలియాలి.

కోటర్‌నే మ్యాపర్ చేశాం. డై తీసేసి దాని చోట పచ్చ లేజర్ మాడ్యూల్, 532 నానోమీటర్లది, పీ3హెచ్‌టీ బాగా పీల్చే రంగు. దాని ముందు ఒక చిన్న లెన్సు, చుక్క సన్నబడటానికి. ప్రింటర్ తల సెల్ మీద వరుసలు వరుసలుగా నడుస్తుంటే అడుగడుగునా కరెంటు కొలిచి, అదే క్రమంలో చుక్కలుగా గీస్తే సెల్ బొమ్మ వస్తుంది, ఎక్కడ కరెంటు పుడుతోందో ఎక్కడ పుట్టడం లేదో. లేజర్‌ని వెలిగించి ఆర్పుతూ తేడా తీసుకుంటే గదిలో వెలుతురు అడ్డం రాదు. కళ్ళద్దాలు తప్పనిసరి, గదిలోకి ఎవరూ రాకుండా తలుపుకి గడియ.

మొదటి మంచి మ్యాపు వచ్చినప్పుడు అందరం స్క్రీను చుట్టూ మూగాం. సెల్ మధ్యంతా శుభ్రంగా ఉంది. నల్ల చుక్కలన్నీ ఒక పక్కకి, పట్టీ కోసిన అంచు నుంచి లోపలికి చల్లినట్టు, అంచు దగ్గర ఒత్తుగా, లోపలికి పోయేకొద్దీ పలచగా. ఆ చుక్క ఉన్న చోటే మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే మెరిసే చిన్న పెంకు, మూలలు వాడిగా. అది గదిలో దుమ్ము కాదు, ఐటీవో పెంకు. రోల్‌లోంచి ఫిల్మ్‌ని కత్తెరతో కోసినప్పుడు పెళుసు ఐటీవో అంచున చిట్లి, ఆ పెంకులు స్థిర విద్యుత్తుతో ఫిల్మ్‌కే అతుక్కుంటున్నాయి. గాలి ఊదితే పోవు, గుడ్డతో తుడిస్తే గీతలు పెడుతూ ఇంకా లోపలికి పాకుతాయి.

మార్పు పెద్దదేం కాదు. కోయడం పూతలన్నీ అయ్యాకే. ముందే కోయక తప్పని చోట ఐటీవో వైపు కిందికి పెట్టి, పదునైన రోటరీ బ్లేడుతో, కోత గీత నుంచి 5 మి.మీ. మేర ఐటీవోని ముందే యాసిడ్‌తో చెరిపేసి. తర్వాత కడగడం, జిగురు రోలరు, స్థిర విద్యుత్తు పోగొట్టే అయనైజర్ గాలి. ఈ పద్ధతిలో చేసిన పట్టీల్లో మసక వెలుతురు పరీక్ష దాటుతున్న ముక్కలు బాగా పెరిగాయి, మ్యాపులో అంచు చుక్కలు అరుదైపోయాయి.

ఒక కిటుకు ఉంది, దాని మీద నా అభిప్రాయం కూడా రాయాలి. లీకున్న సెల్‌కి కాసేపు రివర్స్ వోల్టేజ్ ఇస్తే కరెంటంతా ఆ లీకు గుండానే పారి అక్కడ కాలిపోయి తెగుతుంది, సెల్ బాగుపడుతుంది. చాలామంది చేస్తారు, పనిచేస్తుంది కూడా. అమ్మే ముందు ఆఖరి మెట్టుగా పెట్టుకోవడంలో తప్పు లేదు. ప్రాసెస్ సరిదిద్దుకునే దశలో మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకంటే కాల్చేశాక మ్యాపు శుభ్రంగా కనిపిస్తుంది, పెంకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం కూడా దానితోపాటే కాలిపోతుంది. ముందు మ్యాపు, తర్వాతే కాల్చుడు అని గోడ మీద రాశాం.

ఆగస్టు

మ్యాపులో ఇంకో బొమ్మ కనిపించింది, ఈసారి చుక్కలు కావు. వెండి గీతల కింద, గీత ఆకారంలోనే, కరెంటు తగ్గిన నీడ. వెలుతురు ఐటీవో వైపు నుంచి పడుతోంది కాబట్టి వెండి అడ్డం వచ్చి పడిన నీడ కాదది. వెండి ఇంక్‌లోని సాల్వెంట్ పెడాట్ గుండా దిగి యాక్టివ్ పొరని చెడగొడుతోంది. రిసో బృందం కూడా ఈ తలనొప్పి గురించి రాసింది. పెడాట్ పొర మందం పెంచితే నీడ తగ్గుతోంది, ప్రింట్ చేసిన వెంటనే ఓవెన్‌లోకి పంపితే ఇంకా తగ్గుతోంది. స్క్రీన్ ప్రింటింగ్ టేబుల్‌ని ఓవెన్ పక్కకే జరిపేశాం. మేము వాడుతున్న వెండి పేస్టు అమ్మిన డీలరు సాల్వెంట్ వివరాలు అడిగితే ఇవ్వడం లేదు, అందుకని నీళ్ళ ఆధారిత పేస్టు శాంపిల్ తెప్పిస్తున్నాం.

మాడ్యూల్ కూడా మొదలైంది. నాలుగు పట్టీలు సిరీస్‌లో. సిరీస్‌లో అన్నిటిలోంచీ ఒకే కరెంటు పారాలి, కాబట్టి తక్కువ కరెంటు ఇచ్చే పట్టీ ఏదో మాడ్యూల్ అంతే ఇస్తుంది. అందుకే నాలుగూ ఒకే రోజు, ఒకే సీసా ఇంక్‌తో, పంపు ఆపకుండా వేసినవే తీసుకుంటున్నాం, అందులోనూ 200 లక్స్ కింద కరెంట్లు దగ్గరగా ఉన్నవాటినే జతపరుస్తున్నాం. ఈ మాడ్యూల్ గదిలో దీపం కింద రెండు వోల్టులు దాటింది. మధ్యలో పవర్ చిప్, చిన్న సూపర్ కెపాసిటర్. సెన్సర్ నిద్ర లేచి, ఒక రీడింగ్ పంపి, మళ్ళీ పడుకుంటోంది. దీపం ఆర్పితే కెపాసిటర్ ఖాళీ అయ్యేదాకా నడుస్తోంది, పొద్దున్న ఎవరో వచ్చి లైటు వేస్తే దానంతటదే లేస్తోంది. ఎండ చూపించకుండానే లేస్తోందంటే టిన్ ఆక్సైడ్ పొర చెప్పిన పని చేస్తోందన్నమాట, ఆ మాట రాస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

మిగిలింది తేమ. బారియర్ ఫిల్మ్ పైనా కిందా మంచిదే వేస్తున్నాం, కానీ నీటి ఆవిరి ఫిల్మ్ గుండా కన్నా పక్క అంచుల్లోంచి, ముఖ్యంగా వైర్లు బయటికొచ్చే చోట నుంచి ఎక్కువ దూరుతుంది. జిగురు అంచు వెడల్పు పెంచితే ఆవిరి నడవాల్సిన దూరం పెరుగుతుంది, మాడ్యూల్ సైజూ పెరుగుతుంది. వచ్చే నెల పని ఇదే. 5 మి.మీ., 10 మి.మీ., 15 మి.మీ. అంచులతో మాడ్యూల్స్ చేసి, కొన్ని 85 డిగ్రీలు, 85 శాతం తేమ పెట్టెలో, కొన్ని మామూలుగా ల్యాబ్ గోడ మీద. పెట్టెలోవి తొందరగా చెప్తాయి, గోడ మీదవి నిజం చెప్తాయి, కాబట్టి రెండూ కావాలి. ప్రతి వారం లేజర్ మ్యాపు తీసి, చెడు అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి వచ్చిందో స్కేలు పెట్టి గుర్తిస్తాం. పెడాట్ తేమని పీల్చుకునే రకం కనుక ముందు అదే పడకేస్తుందని నా అంచనా. ఓవెన్‌లో మాడ్యూల్స్ సీల్ చేసే ముందు ఎంతసేపు ఆరబెట్టాలన్నది కూడా ఆ మ్యాపులు చూశాకే ఖాయం చేస్తాం.